పాత కారు ఎనకాల కడకడ: షాకప్స్ మార్చినా సౌండ్ ఎందుకు పోదు

పదిహేనేళ్లు దగ్గరవడ్డ చిన్న కారు ఏదైనా సరే, హన్మకొండ నుంచి ములుగు దిక్కో పరకాల దిక్కో ఒక్కసారి పోయొస్తే ఎనక సీట్ల కూసున్నోళ్లకు దాని సంగతి తెలిసిపోతది. చిన్న చిన్న గుంతల మీద కింద ఎవరో గరిటె తోటి గిన్నె కొట్టినట్టు కడకడ అంటది, స్పీడ్ బ్రేకర్ దిగంగనే ధన్‌మని ఒక్కటి కొడ్తది, మలుపుల ముందు భాగం తిరిగినంక ఎనక భాగం ఓ క్షణం ఆలస్యంగ వచ్చినట్టు ఊగుతది. షెడ్డుకు తీస్కపోతే చాలా చోట్ల వినపడే మొదటి మాట షాకప్స్, అంటే బండి ఊగుడును ఆపే షాకబ్జర్లు, పోయినయ్ అనే. రెండూ మారుస్తరు, బిల్లు వేలల్ల అయితది, ఓ నెల రోజులు బండి కొంచెం బిగుతుగ అనిపిస్తది, తర్వాత మల్ల అదే కడకడ.

ఇట్ల ఎందుకైతదో చూస్తే రెండు కారణాలు దొరుకుతయ్. ఒకటి, ఈ వయసు బండ్లల్ల సౌండ్ చేసేది ఎక్కువసార్లు షాకబ్జర్ కాదు, ఇరుసును బాడీకి పట్టి ఉంచే లింకుల చివర్లల్ల ఉండే రబ్బరు బుష్‌లు. రెండోది ఇంకా ముఖ్యం, ఎందుకంటే బుష్‌లు మార్చినోళ్లు కూడా ఇక్కడే దెబ్బతింటరు: కొత్త బుష్ ఏసి బోల్టును బండి జాకీ మీద గాల్లో ఉండంగనే ఫుల్లుగ బిగిస్తరు, ఆ ఒక్క పని తోటి ఏళ్లు రావాల్సిన రబ్బరు నెలలల్ల చినుగుతది. ఈ రెండోది గనక మంచిగ అర్థమైతే ఇంటికాడ ఓ ఆదివారం కూసొని చేసుకునే పని షెడ్డు పని కంటె గట్టిగ నిలవడ్తది, ఎందుకంటే ఇంటికాడ తొందర ఉండది.

బండి కింద ఏముందో ముందు తెల్వాలె, అన్ని కార్లు ఒక్క తీరు ఉండయ్. అంబాసిడర్, ఓమ్ని, క్వాలిస్, బొలెరో లాంటివాటికి ఎనక కమాన్ పట్టీలు, లారీకున్నట్టే కాకపోతే సన్నగ ఉంటయ్, ఇరుసును పట్టుకునేదీ బరువు మోసేదీ రెండూ అవే. మారుతి 800లనే తర్వాత వచ్చిన మోడళ్లు, ఆల్టో, జెన్, పాత వ్యాగనార్, వీటికి ఒకటే గట్టి ఇరుసు, రెండు దిక్కుల కాయిల్ స్ప్రింగులు, ఇరుసు ముందుకు ఎనకకు జరగకుండ రెండు పొడుగు లింకులు, పక్కకు జరగకుండ అడ్డంగ ఒక రాడ్డు. ఆ అడ్డం రాడ్డును ల్యాటరల్ రాడ్ అంటరు, దాని ఒక కొస ఇరుసుకు, ఇంకో కొస బాడీకి. స్విఫ్ట్ లాంటి కొంచెం కొత్త బండ్లల్ల ఎనక మొత్తం ఒకటే బీము, దానికి ముందు దిక్కు రెండు పెద్ద బుష్‌లు. 800 తయారీ 2014 జనవరిల ఆగిపోయింది, అంటే రోడ్డు మీద ఉన్న అన్నింటికంటె కొత్త 800 కూడా పదేళ్లు దాటింది, చాలావాటికి పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ అయిపోయి ఆర్టీఏ కాడ ఐదేళ్లకోసారి రెన్యువల్ చేసుకుంటున్నరు. ఇక్కడ చెప్పేదాంట్ల ఎక్కువ భాగం ఈ లింకులు, కాయిల్స్ ఉన్న బండ్ల గురించే, ఇంటికాడ చేసుకోనీకె అన్నిట్ల వీలైనవి అవే.

ఇగ బుష్ సంగతి. లోపల ఒక ఇనుప గొట్టం, బయట ఒక ఇనుప గొట్టం, మధ్యల రబ్బరు, చూస్తే ఇంతే. చాలామంది ఏమనుకుంటరంటే లింకు పైకి కిందికి కదిలినప్పుడు తలుపు బందు తిరిగినట్టు లోపలి గొట్టం చుట్టూ రబ్బరు తిరుగుతదని. అస్సలు తిరగది. బోల్టు బిగించినంక లోపలి గొట్టం బ్రాకెట్ నడుమ నలిగి కదలకుండ పట్టుకుంటది, బయటి గొట్టం లింకు కన్నంల గట్టిగ కూసొని ఉంటది, ఇరుసు లేసినప్పుడల్లా దిగినప్పుడల్లా మధ్యల ఉన్న రబ్బరే మెలి పడి మల్ల విప్పుకుంటది, తడి బట్ట పిండి ఇడిసినట్టు. అంటే ప్రతి బుష్‌కు మెలి లేని ఒక నిలకడ స్థానం ఉంటది, ఆ స్థానం ఏదో తేల్చేది బోల్టు బిగించిన క్షణమే.

లెక్క కోసం లింకు పొడుగు 40 సెంటీమీటర్లు అనుకుందాం. బండి జాకీ మీద ఉన్నప్పుడు ఇరుసు వేలాడుకుంట, నేల మీద ఉండే తీరుకంటె 10 సెంటీమీటర్లు కిందికి ఉందనుకుందాం. ఆ తేడా లింకు కాడ దాదాపు 14 డిగ్రీల కోణం. గాల్లో ఉండంగ బోల్టు బిగిస్తే రబ్బరుకు అదే సొంత స్థానం అయితది, జాకీ దించంగనే ఏ గుంతా లేకుండ, ఇంటి ముందల నిలవెట్టిన్నాడు కూడా అది 14 డిగ్రీలు మెలిపడే ఉంటది. రోడ్డు మీద గుంత వచ్చి ఇరుసు ఇంకా పైకి లేస్తే ఆ మెలికి ఇంకింత కలుస్తది. నేల మీద ఉన్నప్పుడు బిగించిన బుష్ ఐతే సున్నా నుంచి అటింత ఇటింత మెలిపడ్తది, రబ్బరుకు అలవాటైన పనే అది. గాల్లో బిగించింది మాత్రం రాత్రింబగళ్లు ఒక్క దిక్కే గుంజుకొని ఉంటది, గుంజుకొని ఉన్న రబ్బరు మీద ఎండ, గాలి పని చేస్తే పగుళ్లు తొందరగ వస్తయ్, ఎన్నడూ విప్పని పాత రబ్బరు బ్యాండు కట్ట మీదనే ఉండి ఉండి ఎట్ల చిట్లుతదో గట్లనే. దీంట్ల ఇంకో మోసం ఉంది, మెలిపడ్డ బుష్ కొంచెం స్ప్రింగు లెక్క పనిచేసి బండిని ఇంత ఎత్తుకు లేపుతది, దాంతోటి ఓనర్‌కు బండి లేసింది మంచిగైంది అనిపిస్తది, ఆ లేసుడు రబ్బరు చినిగేదాకనే.

మన దిక్కు రబ్బరుకు కష్టం ఎక్కువ కూడా. రామగుండం, మంథని దిక్కు మే నెలల ఎండ 45 డిగ్రీలు దాటుడు కొత్త కాదు, తారు రోడ్డు మీది వేడి దానికంటె ఎక్కువ, ఆ వేడికి గాలిలోని ఆక్సిజన్ తోడై రబ్బరును ఏటేట గట్టిపరుస్తది. వానకాలం కాల్వ కట్టల మీద, పొలాల బాటల మీద తిరిగిన బండికి నల్లరేగడి బురద లింకుల చివర్లల్ల పట్టుకొని ఎండి గడ్డకడ్తది, లోపల తేమ ఆగి బోల్టును గొట్టంలనే తుప్పువట్టిస్తది. బరువు సంగతి ఐతే చెప్పనక్కర్లేదు. యూరియా బస్తా ఇప్పుడు 45 కిలోలు, డిక్కీల నాలుగు ఏస్తే 180 కిలోలు, మారుతి 800 ఖాళీ బరువే దగ్గరదగ్గర 650 కిలోలు, అంటే బండి బరువుల నాలుగో వంతు కంటె ఎక్కువ, దాదాపు మొత్తం ఎనక ఇరుసు మీదనే పడ్తది. రెండేళ్లకోసారి మేడారం జాతరకు ఏడుగురు ఎక్కి, కింద బెల్లం ముద్దలు, వంట సామాన్లు పెట్టుకొని పోయే చిన్న కార్లను చూస్తే ఆ స్ప్రింగుల మీద జాలి కలుగుతది.

పని మొదలుపెట్టేటందుకు ముందు సౌండ్ ఏడికెళ్లి వస్తుందో ఖాయం చేసుకోవాలె, దీనికి ఖర్చు ఏం లేదు. డిక్కీ మొత్తం ఖాళీ చెయ్యాలె, స్టెప్నీ, జాకీ, వీల్ పానా అన్నీ తీసి ఇంట్ల పెట్టి అదే రోడ్డు మీద మల్ల నడపాలె, నిజంగ చాలా బండ్ల కడకడ ఇక్కడనే పోతది. తర్వాత సైలెన్సర్‌ను చల్లగున్నప్పుడు చెయ్యి తోటి ఊపి చూడాలె, దాన్ని వేలాడదీసే రబ్బర్లు తెగితే అది బాడీకి తగిలి అచ్చం సస్పెన్షన్ సౌండే చేస్తది. ఎనక సీటు లాక్, డిక్కీ డోర్ లాక్ కూడా ఓసారి గట్టిగ వత్తి చూడాలె. ఇవన్నీ అయినంక గూడ ఉంటే కిందికి పోవాలె.

సౌండ్ తీరును బట్టి కొంత తెలుస్తది. మెల్లగ పోతున్నప్పుడు చిన్న చిన్న గుంతల మీద టకటక అంటే బుష్‌లు, లేకపోతే షాకబ్జర్ చివర్లల్ల ఉండే రబ్బర్లు. పెద్ద గుంతల పడ్డప్పుడే ధన్ మంటే స్ప్రింగు కుంగి ఇరుసు పైదాక పోయి తగులుతున్నట్టు, తగిలే చోట ఉండే రబ్బరు దిమ్మె కూడా ఊడిపోయి ఉండొచ్చు. సౌండ్ పెద్దగ లేకున్నా లారీని ఓవర్‌టేక్ చేసి మల్ల లైన్లకు వచ్చినప్పుడు ఎనక భాగం తోక లెక్క ఊగితే ముందు ల్యాటరల్ రాడ్ బుష్‌లనే అనుమానించాలె. టైరు మీద చెయ్యి పెట్టి చుట్టూ రాసి చూస్తే ఎగుడు దిగుడుగ, అలలు అలలుగ అరిగినట్టు తగిలితే అప్పుడు షాకబ్జర్ మీద అనుమానం న్యాయమే. డిక్కీ మీద వత్తి ఇడిసి బండి ఎన్నిసార్లు ఊగుతదో చూసే పాత పరీక్ష ఉంది గదా, అది పూర్తిగ చచ్చిన షాకబ్జర్‌ను పట్టిస్తది గానీ సగం పోయినదాన్ని పట్టియ్యది, దాని మీద భరోసా పెట్టుకోవద్దు.

చదునైన నేల మీద, ఖాళీ బండితోటి, టేపు పట్టుకొని ఎనక చక్రం నడిమధ్య నుంచి పైన మడ్‌గార్డ్ అంచుదాక ఎంతుందో కొలవాలె, రెండు దిక్కుల కొలిచి కాగితం మీద రాసిపెట్టుకోవాలె. ఈ రెండు నంబర్లు చివరికి మల్ల కావాలె, ఇవి లేకుంటె పని సగమే అయినట్టు. రెంటికి మధ్య తేడా వేలెడంత ఉంటే స్ప్రింగు ఒకటి కుంగిందో ఇరిగిందో చూడాలె.

జాకీ ఎక్కించేకాడ ఒక విషయం చాలామందికి తోచది. ఎనక చక్రాలు లేపినప్పుడు హ్యాండ్‌బ్రేక్‌కు పనే లేదు, ఎందుకంటే మన కార్లల్ల అది పట్టేది ఎనక చక్రాలనే, అవి గాల్లో ఉన్నయ్. 800, ఆల్టో లాంటివాటికి ఇంజన్ ముందు చక్రాలను తిప్పుతది కాబట్టి గేరుల పెడితే కొంత ఆపుతది, ఓమ్నికీ అంబాసిడర్‌కూ ఇంజన్ తిప్పేది కూడా ఎనక చక్రాలనే, అక్కడ గేరు కూడా పనికి రాదు. అందుకని ఏ బండైనా ముందు చక్రాలకు ముందూ ఎనకా పెద్ద చెక్క దిమ్మెలు గట్టిగ కొట్టాలె. బండి బరువు జాకీ మీద ఉంచి కిందికి దూరుడు ఎంత చిన్న పనికైనా వద్దు. ఇటుకలు పేర్చి దాని మీద ఆపుడు చాలా ఊర్లల్ల కనపడ్తది, సిమెంటు ఇటుకైనా మట్టి ఇటుకైనా పగిలేటప్పుడు చెప్పి పగలది, ఒక్కసారే పొడి అయితది. రెండు ఇనుప స్టాండ్లు కొనాలె, కొనలేకపోతే తెలిసిన షెడ్డుల అడిగి తెచ్చుకోవాలె, వాటిని బాడీ అడుగున కంపెనీ చెప్పిన గట్టి చోటనే పెట్టాలె, వాకిట్ల మట్టి నేలైతే వాటి కింద మందమైన బండ గానీ పలక గానీ ఏసి పెట్టాలె, లేకపోతే స్టాండు కాలు మెల్లగ దిగుతది. పెట్టినంక పక్కనుంచి చేతులతోటి బండిని గట్టిగ ఊపి చూడాలె, పడేదైతే మనిషి కింద లేనప్పుడే పడాలె. ఇంకో మనిషి ఇంటికాడ ఉన్న రోజే ఈ పని పెట్టుకోవాలె.

ఇప్పుడు ఎనక చక్రాలు తీసి, ఎనక ఇరుసు కింద రెండో జాకీ పెట్టి కొంచెం ఆనించాలె. షాకబ్జర్ బోల్టు తీసేటందుకు ముందే ఇది ఉండాలె, ఎందుకంటే ఇరుసు ఇంకా కిందికి పోకుండ ఆపుతున్నది ఆ షాకబ్జరే, అది ఊడితే ఇరుసు ఒక్కసారి జారి బ్రేకు పైపును గుంజుతది, ఆ రబ్బరు పైపు లోపల చినిగితే పైకి కనపడనే కనపడది. పని చేస్తున్నంతసేపు ఆ పైపు మీద, హ్యాండ్‌బ్రేక్ కేబుల్ మీద ఓ కన్నేసి ఉంచాలె. వ్యాన్లల్ల, జీపుల్లాంటివాటిల్ల కొన్నింటికి ఎనక ఇరుసు నుంచి ఒక సన్న లింకు బ్రేకు వాల్వుకు పోతది, బరువును బట్టి ఎనక బ్రేకును ఎక్కువ తక్కువ చేసేది అది, ఉంటే దాన్ని వంచకుండ చూసుకోవాలె.

చూసుడు ల్యాటరల్ రాడ్‌తోటి మొదలువెట్టాలె, బుష్ చివర్ల పెద్ద స్క్రూడ్రైవర్ గానీ టామీ రాడ్డు గానీ దూర్చి ఎగదోస్తే రబ్బరు కొంచెం సాగాలె అంతే, లోపలి గొట్టం లటలట ఆడిందంటే, రబ్బరు చుట్టూ పగులు తిరిగిందంటే, గొట్టం కన్నం నడిమధ్యల కాకుండ ఒక పక్కకు కూలిందంటే దాని పని అయిపోయింది. పొడుగు లింకులకు కూడా అదే పరీక్ష, ఒక్కో దానికి రెండు కొసలు, మొత్తం నాలుగు బుష్‌లు. ఒకటి పోతే నాలుగూ మార్చుడు మేలు, అన్నింటికీ వయసు ఒక్కటే, మిగిలినవి ఎనక ముందు అంతే.

బోల్టులు రావు. పదిహేనేళ్లు బురదల ఉన్న బోల్టు పానా పెట్టంగనే వస్తదనుకోవద్దు, ముందు రోజు సాయంత్రం ఇనుప బ్రష్‌తోటి గీకి తుప్పు వదిలే స్ప్రే కొట్టి ఇడవాలె, పొద్దుగాల మల్లోసారి కొట్టాలె. ఆరు మూలల సాకెట్ వాడాలె, పన్నెండు మూలలది తుప్పువట్టిన తలను గుండ్రం చేస్తది. నట్టు వచ్చి బోల్టు రాకుంటె లోపలి గొట్టానికి తుప్పు తోటి అతుక్కున్నట్టు, నట్టును తిరిగి రెండు మరలు ఎక్కించి దాని మీద కొట్టాలె, మర పాడుకాకుండ. అదీ కాకపోతే హ్యాక్సా తోటి కోసుడే, కోసేటట్టైతే కొత్త బోల్టు ముందే చేతిల ఉండాలె. ఆ కొత్త బోల్టు ఏడికెళ్లి తెస్తరన్నది పెద్ద ముచ్చట. తల మీద 8.8 అని రాసి ఉంటే దాని ఉక్కు చదరపు మిల్లీమీటరుకు సుమారు 80 కిలోల గుంజుడు తట్టుకుంటది, గేట్లకు, రేకుల షెడ్లకు వాడే 4.6 రకం దాంట్ల సగమే తట్టుకుంటది, హార్డ్‌వేర్ షాపుల ఒక్క సైజు అని చెప్పి ఇచ్చేది చాలాసార్లు ఇదే. తల మీద నంబర్ లేని బోల్టు సస్పెన్షన్‌ల ఎయ్యొద్దు. లోపల ప్లాస్టిక్ రింగు ఉండే లాక్ నట్టులు ఒక్కసారి విప్పినంక పట్టు తగ్గుతది, అవి కొత్తవే ఎయ్యాలె.

పాత బుష్‌ను లింకుల నుంచి తీసుడు ఓపిక పని. రబ్బరును డ్రిల్లు తోటి పొడిచి లోపలి గొట్టం ఊడగొట్టి, హ్యాక్సా బ్లేడు లోపలికెక్కించి బయటి గొట్టాన్ని ఒక్క గీత కోస్తే అది ముడుచుకొని వస్తది, కోసేటప్పుడు బ్లేడు లింకు కన్నానికి గీత పెట్టకుండ చూడాలె. అంత ఓపిక లేకుంటె రెండు లింకులూ రాడ్డూ విప్పి సంచిల ఏసుకొని ప్రెస్సు ఉన్న లేత్ షాపుకు తీస్కపోతే పది నిమిషాల పని, దీంట్ల సిగ్గేం లేదు. సుత్తెతోటి సక్కగ కొడితే మాత్రం బుష్ అంచు వంగి వంకరగ దిగుతది. ఇంటికాడ ఎక్కించాలంటే పొడుగు బోల్టు, మందమైన వాషర్లు, సరైన సైజు గొట్టం ముక్క పెట్టి నట్టు బిగించుకుంట గుంజితే నిమ్మలంగ వస్తది. జారడానికి గ్రీజు, ఇంజన్ ఆయిల్ రాసేటోళ్లు ఉన్నరు, పెట్రోలియం నూనె తగిలిన రబ్బరు ఉబ్బి మెత్తవడ్తది, సబ్బు నీళ్లు సరిపోతయ్. కొన్ని బుష్‌ల రబ్బరుల ఖాళీ గాడులు ఉంటయ్, అవి ఏ దిక్కు చూడాలన్నది కంపెనీ లెక్కగట్టి పెట్టిందే, పాతది తీసేముందు ఫోన్‌ల ఫోటో తీసి కొత్తది అదే దిక్కుకు ఎక్కించాలె. స్విఫ్ట్ లాంటి బీము బండ్ల పెద్ద బుష్‌లకు ఈ గాడులు ఉంటయ్, బండి కింద పండుకొని వాటిని గుంజుడు సరైన పుల్లర్ లేకుండ అయ్యే పని కాదు, దాన్ని షెడ్డుకే ఇయ్యాలె.

బుష్ కొనేకాడ పైసలు మిగిలించుకోవద్దు. రీసైకిల్ రబ్బరు తోటి చేసిన లోకల్ బుష్ చేతిల గట్టిగనే ఉంటది, అదే దాని తప్పు, గట్టి రబ్బరు మెలిపడలేక చినుగుతది. కంపెనీ బుష్‌కు దీనికి తేడా వందల్లనే ఉంటది, దొరకకపోతే ఆటోనగర్‌ల రెండు మూడు షాపులు తిరగాలె, లేకుంటె హైదరాబాద్ రాణిగంజ్ దాక పోయొచ్చినోళ్ల తోటి తెప్పించుకోవచ్చు. ఎర్రగ పచ్చగ మెరిసే పాలీయురిథేన్ బుష్‌లు ఎక్కువ రోజులు వస్తయని ఏస్తరు గానీ మామూలు ఇంటి బండికి అవి కీచుమనే సౌండ్, గుంత గుంతకూ తగిలే గట్టి దెబ్బ తెచ్చిపెడ్తయ్.

స్ప్రింగుల గురించి అపోహలు మస్తుగ ఉన్నయ్. కుంగిన స్ప్రింగు మెత్తవడ్డదని అంటరు, నిజానికి కుంగినా దాని గట్టితనం పెద్దగ మారది, పొడుగు తగ్గి బండి కిందికొస్తది అంతే. గట్టితనం నిజంగ తగ్గేది తుప్పు తోటి. కాయిల్ గట్టితనం తీగ మందానికి నాలుగో ఘాతం లెక్కన ఉంటది కాబట్టి 10 మిల్లీమీటర్ల తీగ తుప్పుకు 9.5 అయిందంటే చూపుకు ఏం తేడా ఉండది గానీ గట్టితనంల దాదాపు ఐదో వంతు పోతది. కొలిమిల ఎర్రగ కాల్చి కాయిల్‌ను సాగదీసి ఇచ్చేటోళ్లు ఉన్నరు, ఉక్కుకు ఫ్యాక్టరీల పట్టించిన పదును ఆ మంటల పోతది, అట్ల సాగిన స్ప్రింగు కొన్ని నెలలల్ల మల్ల కుంగుతది, లేకపోతే ఇరుగుతది. కాయిల్ మధ్యల ఇరికించే రబ్బరు బఫర్లు అమ్ముతరు గదా, బండి ఎత్తు లేస్తది, ఖరీదు తక్కువ, కానీ ఆ బఫర్ ఉన్న చుట్టు పనిచేసుడు ఆగి మిగిలిన చుట్ల మీదనే మొత్తం పని పడ్తది, పాత తుప్పువట్టిన తీగకు అది మంచిది కాదు. కుంగిందంటే రెండు దిక్కులా కొత్తవే ఎయ్యాలె. 800, ఆల్టో లాంటివాటిల్ల ఎనక స్ప్రింగు షాకబ్జర్‌కు దూరంగ విడిగ ఉంటది, ఇరుసును జాకీ మీద మెల్లగ దించితే స్ప్రింగు వదులై చేతికొస్తది, స్ప్రింగు కింది రబ్బరు పీట కూడా అప్పుడే చూడాలె, అది చిరిగినా కిరకిర అంటది. షాకబ్జర్ చుట్టూనే స్ప్రింగు ఉండే బండ్లు వేరే, నొక్కిపట్టి ఉన్న ఆ స్ప్రింగును విప్పుడు ప్రాణం మీదికి తెచ్చే పని, దాని జోలికి ఇంటికాడ పోవద్దు.

షాకబ్జర్ అసలు ఎప్పుడు మార్చాలె అంటే, ఒంటి మీద నూనె చెమట పట్టినట్టు సన్నగ ఉంటే కంగారు అక్కర్లేదు, కిందిదాక కారి దుమ్ము ముద్దలు కట్టిందంటే అయిపోయినట్టు. విప్పి నిలువుగ పట్టుకొని గుంజి నొక్కితే పొడుగునా ఒక్క తీరు బరువుగ రావాలె, మధ్యల ఏడనన్నా ఖాళీగ జారితే పోయింది. రెండూ కలిపే మార్చాలె. కొత్తది పెట్టెల అడ్డంగ పండుకొని వచ్చి ఉంటది కాబట్టి ఎక్కించే ముందు నిలువుగ పట్టి నాలుగైదు సార్లు పూర్తిగ గుంజి నొక్కాలె, లోపల గాలి ఉంటే పైకి పోతది, ఇది చెయ్యకుంటె మొదటి రోజే టకటక అంటే కొత్తది కూడా ఖరాబు వచ్చిందని వాపస్ తీస్కపోతరు. పై నట్టు విప్పేటప్పుడు రాడ్డు తిరుగుతుంటె ప్లయర్ తోటి ఆ మెరిసే రాడ్డును పట్టుకోవద్దు, ఆ గీతే రేపు నూనె సీలును కోస్తది. రాడ్డు కొసన పానా పట్టే చదును ఉంటది, దాన్నే పట్టుకోవాలె.

కమాన్ల బండ్ల ముచ్చట కొంచెం వేరు. పట్టీ వంపు తగ్గితే కమాన్ పనిచేసేటోళ్లు కట్ట ఊడదీసి సుత్తె దెబ్బల తోటి వంపు మల్ల తెస్తరు, చేయి తిరిగినోళ్లు చేస్తే కొంతకాలం నిలుస్తది, పట్టీల మధ్య పగులు ఉంటే మాత్రం ఎవరు చేసినా నిలవది. ఇరుసును కట్టకు కట్టే యూ-బోల్టులు సాగి ఉంటయ్, కట్ట విప్పిన్నాడే కొత్తవి ఎయ్యాలె. పట్టీలు కిర్రుమంటున్నయని వాడిన ఇంజన్ ఆయిల్ పోసే అలవాటు చాలా దిక్కుల ఉంది, రెండు రోజులు సౌండ్ ఆగుతది, ఆ నూనె మెల్లగ కొసలకు జారి అక్కడి బుష్ రబ్బరును తింటది, పైన దుమ్ము పట్టి రాపిడి ఇంకా పెంచుతది.

అన్నీ ఎక్కినంక, లింకులు, రాడ్డు, షాకబ్జర్ కింది బోల్టులు అన్నింటినీ చేతితోటి బిగించి ఆపాలె, పానాతోటి ఆఖరి బిగుతు ఇప్పుడే ఇయ్యొద్దు. ఇక్కడ షెడ్డుల టైము ఉండది, ఎనక ఇంకో బండి ఆగి ఉంటది, నట్లు బిగించే గన్ పెట్టి బండి గాల్లో ఉండంగనే టకటకా బిగించి దించేస్తరు. ఇంటికాడ ఆ కాగితం తియ్యాలె. బాడీ స్టాండ్ల మీదనే ఉండంగ ఇరుసు కింద జాకీ మెల్లగ లేపుకుంట పోవాలె, చక్రం నడిమధ్య నుంచి మడ్‌గార్డ్ అంచుదాక దూరం పొద్దుగాల రాసుకున్న నంబరుకు వచ్చేదాక, కొత్త స్ప్రింగులు ఏసినట్టైతే పాత నంబరు పనికి రాదు కాబట్టి బండిని ఓసారి నేలకు దించి, ఊపి, కొత్తగ కొలుచుకోవాలె. జాకీ లేపుతున్నంతసేపు స్టాండ్ల దిక్కు చూస్తుండాలె, బరువు ఇరుసు మీదికి పోయేకొద్దీ బాడీ స్టాండు మీద తేలిపోయే ప్రమాదం ఉంటది, కొంచెం కదిలినట్టు కనపడ్డా ఆపాలె. గట్టి ర్యాంపులు ఉన్నోళ్లకు ఇంకా తేలిక, ఎనక చక్రాలు వాటి మీదికి ఎక్కించి, ముందు చక్రాలకు దిమ్మెలు కొట్టి బిగిస్తే బండి తన బరువు మీద తానే నిలబడి ఉంటది. ల్యాటరల్ రాడ్ కూడా ఈ ఎత్తు కాడనే బిగించాలె, అది అడ్డంగ ఉండి కొంచెం వంపుల కదిలేది కాబట్టి ఎత్తు మారితే ఇరుసు ఒక పక్కకు జరుగుతది. బిగుతు ఎంతన్నది ఆ బండి మాన్యువల్‌ల ఉంటది, ఎంత బలంతోటి బిగిస్తున్నమో చూపే టార్క్ పానా అద్దెకో అడిగో తెచ్చుకొని అంతే బిగించాలె.

బిగించిన ప్రతి బోల్టు తల మీదికెళ్లి బ్రాకెట్ మీదిదాక నెయిల్ పాలిష్‌తోటి సన్నగ ఒక గీత గియ్యాలె. చక్రాలు ఎక్కించి, వీల్ నట్లు బిగించి, ముందు వీధిలనే మెల్లగ బ్రేకు వేసి చూసి, తర్వాత మామూలుగ కడకడ మనే ఆ రోడ్డు మీదికే తీస్కపోవాలె. వందకిలోమీటర్లు తిరిగినంక మల్ల ఒకసారి కిందికి వంగి టార్చి ఏసి చూడాలె, వీల్ నట్లు పానా పెట్టి చూసుకోవాలె, గీత ఏ బోల్టు కాడనన్నా రెండు ముక్కలుగ జరిగిందంటే అది వదులైనట్టు, దాన్ని మల్ల అదే ఎత్తు కాడ, నేల మీద ఉండంగనే బిగించాలె.